దోరా మనది, దుకాణమూ మనదే కావాలి

(తీజ్ ఉత్సవాల సందర్భంగా పెద్దవూరలో జరిగిన సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బుట్టల్లో గోధుమ మొలకలు పచ్చగా లేచిన ఈ శ్రావణంలో, నాట్ల పనులు పక్కన పెట్టి ఇన్ని తండాల నుంచి వచ్చిన మీ అందరికీ సంఘం తరఫున ధన్యవాదాలు. ఈ రోజు మేము మాట్లాడదలచుకున్నది దారం గురించి. మన బోలీలో దోరా.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో ఆ రోజు కలకత్తాలో స్వదేశీ ఉద్యమాన్ని ప్రకటించారు. దానికి గుర్తుగా 2015 నుంచి ఈ దినం జరుపుతున్నారు. ఆ సందర్భంగా హైదరాబాద్‌లో పెట్టిన నూలు, చేనేత, హస్తకళల ప్రదర్శనకు మనం ఒక జట్టుగా వెళ్లి వచ్చాం. కుట్టు తెలిసిన పెద్ద యాడీలు, డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలు, సంఘం సభ్యులం కలిసి పోయినం. రాలేకపోయిన వాళ్లకు అక్కడ చూసినదంతా చెప్పడం మా బాధ్యత.

ముందుగా మన పాత నల్లగొండ జిల్లా వాళ్ల దుకాణాల దగ్గర ఆగినం. పుట్టపాక తేలియా రుమాలు చూసినం. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, ఆ తర్వాత రంగు ఎక్కిస్తారు. అందుకే ఆ బట్టకు ఇప్పటికీ సన్నగా నూనె వాసన ఉంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల ఆ రుమాళ్లు ఒకప్పుడు అరబ్ దేశాలకు పోయేవి. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే వచ్చింది.

ఆసు పోయడం కూడా చూపించారు. చీరకు నూలు సిద్ధం చెయ్యాలంటే మేకుల చుట్టూ చెయ్యి వేల సార్లు తిప్పాలి. ఆ పని చేసి చేసి తల్లి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఈ సంగతి విన్నప్పుడు మన ఆడపిల్లలు చాలాసేపు ఆ యంత్రం దగ్గరే నిలబడ్డారు. అమ్మ చేతి పనిని చిన్నచూపు చూడకుండా, దాన్ని తేలిక చేయడానికి చదువును, బుద్ధిని వాడుకున్న మనిషి మన పక్క ఊరి వాడేనని వాళ్లకు తెలిసింది.

ఆ దుకాణాల్లో మేము గమనించిన ముఖ్యమైన విషయం ఒకటుంది. నేసిన వాళ్లే అమ్ముతున్నారు. నూలు ఎంత, రంగు ఎంత, ఎన్ని రోజుల పని అని అడిగితే వేళ్ల మీద లెక్క చెప్తున్నారు. కొనేవాళ్లు బేరం ఆడినా, ఆ లెక్క విన్నాక తగ్గుతున్నారు.

ఇక మన కుట్టు ఉన్న దుకాణం సంగతి. అద్దాలు, గవ్వలు మెరుస్తుంటే మన యాడీలు దూరం నుంచే గుర్తుపట్టారు. చేతి సంచులు, దిండు గలీబులు, గోడకు వేలాడదీసే పటాలు. పైన బోర్డు మీద 'ట్రైబల్ వర్క్' అని మాత్రమే రాసి ఉంది. లంబాడీ అనిగానీ, బంజారా అనిగానీ, ఏ తండా అనిగానీ లేదు. ఒక యాడి సంచి తీసుకుని, తిరగేసి, లోపలి కుట్టు వేళ్లతో తడిమి, "ఇది పెళ్లి కాంచళి ముక్క" అన్నది. చుట్టూ మిషను కుట్టు, నడుమ మాత్రం చేతి కుట్టు. ఎవరి యాడీయో బిడ్డ పెళ్లికి నెలల తరబడి కూర్చుని కుట్టిన కాంచళిని కత్తిరించి సంచికి అతికించారు. ఎక్కడిదని అడిగితే, పాత బట్టలు కొనేవాళ్ల దగ్గర తెచ్చామన్నారు. కుట్టినావిడ పేరు వాళ్లకు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా వాళ్లకు కనబడలేదు.

ఆ కాంచళి అక్కడికి ఎట్లా చేరిందో మనందరికీ తెలుసు. తండాలకు స్టీలు సామాన్లు పట్టుకుని వస్తారు. పెట్టె అడుగున ఉన్న ఫేటియా, కాంచళి ఇస్తే గిన్నెలు ఇస్తామంటారు. ఇప్పుడు ఎవరు కట్టుకుంటారులే అని ఇంట్లోవాళ్లు ఇచ్చేస్తారు. వాళ్ల అవసరాన్ని మేము తప్పు పట్టడం లేదు. కానీ ఆ బట్టతో పాటు ఒక నమూనా పోతుంది. రేపు ఒక ఆడపిల్ల నేర్చుకుందామంటే చూసి కుట్టడానికి తండాలో ఒక్క ముక్క కూడా ఉండదు.

మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దేశమంతా తిరిగిన రోజుల్లో గోడలు లేవు, అల్మారాలు లేవు. అందం ఏదున్నా ఒంటి మీద, సంచి మీద, నీళ్ల బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు మీద ఉండాల్సిందే. అందుకే మన కుట్టు అంత నిండుగా ఉంటుంది.

దీన్ని నిలబెట్టుకోవచ్చని కర్ణాటకలోని సండూరు మన కళ్లముందే చూపించింది. అక్కడి లంబాణీ కుట్టుకు జీఐ ఉంది. అక్కడ 14 రకాల కుట్లకు పేర్లు రాసి పెట్టుకున్నారు. కీలన్, వేలే, మాకి, సూర్యకాంతి మాకి, రేలో, తేరా దోరా, ఇట్లా. సండూరు కుశల కళా కేంద్రంతో పనిచేసే 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 వస్తువులను 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. అయితే సండూరు గుర్తింపు సండూరుదే. ఆ పేరు మనం పెట్టుకుని అమ్మడానికి వీల్లేదు. మన పేరు మనమే తెచ్చుకోవాలి.

అందుకు సంఘం తరఫున మూడు మాటలు మీ ముందు పెడుతున్నాం.

మొదటిది, ప్రతి తండాలో కనీసం ఒక జత పాత ఫేటియా, కాంచళి, టుక్రిని అమ్మకుండా ఉంచుకుందాం. ఎవరు కుట్టారో, ఎవరి పెళ్లికి కుట్టారో ఒక కాగితం మీద రాసి దాంతోనే పెడదాం. కాగితం రాసే పని చదువుకున్న పిల్లలది.

రెండోది, కుట్టు తెలిసిన యాడీల దగ్గర ఆడపిల్లలు, ఇష్టముంటే మగపిల్లలు కూడా, వారానికి ఒక సాయంత్రం కూర్చోవాలి. ఒక్కో కుట్టును మన బోలీలో ఏమంటారో అడిగి రాయాలి. ఫోనులో వీడియో తీయాలి. ఒక్కో తండాలో ఒక్కో పేరు ఉండొచ్చు. అన్నీ రాద్దాం. జీఐ కోసం దరఖాస్తు పెట్టే రోజు వస్తే ఆధారంగా నిలబడేవి ఈ పేర్లు, ఈ బట్టలే.

మూడోది, కుట్టే ప్రతి యాడి, ప్రతి భేన్ పేరు మీద పహచాన్ కార్డుకు దరఖాస్తు చేయిద్దాం. కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం చేతివృత్తుల వాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు అది. ప్రదర్శనల్లో దుకాణం అడగాలన్నా ముందు ఆ కార్డే అడుగుతారు. వెల చెప్పేటప్పుడు పోచంపల్లి వాళ్లలాగే లెక్క కట్టాలి. బట్ట, దారం, అద్దాల ఖర్చు ఒక పక్క, కూర్చున్న రోజుల కూలి మరో పక్క. కూలి తీసేసి వెల చెప్తే ఆ పని వచ్చే ఏడాది ఎవరూ చెయ్యరు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక ఆడపిల్ల పక్కన కూర్చున్న యాడిని అడిగింది, "నాకు మాకి కుట్టు నేర్పుతావా?" అని. హాలియా వచ్చేదాకా సూది లేకుండానే, ఓఢ్నీ కొంగు మీద వేలితో గీసి చూపిస్తూ ఆ యాడి నేర్పుతూనే ఉంది. ఇప్పుడు ఆ పిల్లకు సూది, దారం మనం ఇవ్వాలి. వచ్చే శ్రావణానికి మన తండాల పేరు రాసిన బోర్డు కింద మన యాడీలే కూర్చుని అమ్మాలి. అందుకు ఈ సభ ముగిసేలోగా ప్రతి తండా నుంచి ఇద్దరి పేర్లు ఇవ్వండి.

జై సేవాలాల్.