జవాబు తెలియకముందు

 

స్నాతకోత్సవాలకు మామూలుగా జుట్టు నెరిసినవాళ్లను పిలుస్తారు. నాకింకా ఆ అర్హత పూర్తిగా రాలేదు. అందుకని జీవితం గురించి కాకుండా ఒక వేసవి గురించి చెబుతాను. 2012లో ఎమ్మెస్సీ చదువుతుండగా జెనీవా పక్కనున్న సెర్న్ ప్రయోగశాలకు వేసవి విద్యార్థిగా వెళ్లాను. 1960ల నుంచి అక్కడ ఈ పద్ధతి నడుస్తోంది. పొద్దున పాఠాలు, ఆ తర్వాత సాయంత్రం దాకా ఏదో ఒక బృందంలో పని.

విదేశీ విశేషాలు త్వరగా ముగిస్తాను, అవన్నీ మీ ఫోన్లలోనే ఉన్నాయి. రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. స్విట్జర్లాండు ధరలకు బెదిరి, సరిహద్దు దాటి ఫ్రాన్సులో కూరగాయలు కొనుక్కునేవాళ్లం. ప్రయోగశాల ఉన్నదే సరిహద్దు మీద. ఆవరణలో మన దేశం 2004లో బహూకరించిన నటరాజ విగ్రహం ఉంది. దాని ముందు ఫొటో దిగకుండా వచ్చిన తెలుగువాడు నాకింతవరకూ తగల్లేదు, నేనూ దిగాను. కానీ దాదాపు వంద మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల సొరంగంలో, 1232 పెద్ద అయస్కాంతాలున్నాయి. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. వాటిని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టే జాకీలు మన దేశంలో తయారై వెళ్లినవే. పాపం, వాటి ముందు ఎవరూ ఫొటో దిగరు.

నాకిచ్చిన పని చిన్నది. సీఎంఎస్ అనే భారీ డిటెక్టర్‌లో మ్యూయాన్లు అనే కణాలను పట్టే గదులు సరిగా పలుకుతున్నాయో లేదో చూడాలి. పలకనిదాన్ని పలకలేదని తెలుసుకోవడం ఎలా? దానికో ఉపాయం ఉంది. జెడ్ బోసాన్ అనే కణం విచ్ఛిన్నమైతే ఒక్కోసారి రెండు మ్యూయాన్లు జంటగా వస్తాయి. ఒకటి ఖాయంగా దొరికిందంటే, రెండోది కూడా పుట్టి తీరాలి. అది మన గదిలోంచి వెళ్లినప్పుడు గది పలికిందా, ఊరుకుందా? అలాంటివి వేలకొద్దీ పోగుచేసి, నూటికి ఎన్నిసార్లు పలికిందో లెక్కకట్టాలి. అంతే.

ఆ శాతం చేతికి రాగానే మా గైడ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ నా సంఖ్య వైపు చూడనైనా లేదు. దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంత, అది ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు. మిగిలిన వేసవంతా ఆ ప్లస్ ఆర్ మైనస్ కోసమే పోయింది. అసలు సంఖ్య ఒక్క మధ్యాహ్నం పని.

ఆ రోజుల్లోనే అక్కడ ఇంకా పెద్ద వ్యవహారం నడుస్తోంది. 125 జీఈవీ దగ్గర హిగ్స్ బోసాన్ ఆనవాళ్లు ఉండవచ్చని 2011 డిసెంబరులోనే తెలిసింది. ఎక్కడ వెతకాలో తెలిశాక మనిషి కళ్లు ఊరుకోవు, లేనిదాన్ని కూడా చూస్తాయి. అందుకని సీఎంఎస్ బృందం 2012లో కొత్త డేటా వస్తుంటే, హిగ్స్ కనిపించగల భాగాన్ని తమకు తామే మూసేసుకుంది. ఏ ఘటనలు తీసుకోవాలి, ఏవి వదిలేయాలి, మామూలు రొదను ఎలా లెక్కకట్టాలి, ఇవన్నీ ఖరారు చేసి, ఇక మార్చకూడదని అనుకున్నాకే జూన్ మధ్యలో ఆ భాగం తెరిచి చూశారు. వందల మంది కలిసి, చూడగలిగినదాన్ని చూడకుండా ఉండటం! సొరంగంలోని ఆ యంత్రం కంటే నాకు ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

జులై 4న ఫలితం ప్రకటించారు. ముందు రాత్రి నుంచే ఆడిటోరియం బయట క్యూ. కొత్త సినిమా మొదటి ఆటకు హాలు ముందు పడిగాపులు పడ్డట్టు వేసవి విద్యార్థులు నేలమీదే పడుకున్నారు. నాకు లోపల చోటు దొరకలేదు, వేరే గదిలో తెర మీద చూశాను. సీఎంఎస్ తరఫున జో ఇంకాండెలా, అట్లాస్ అనే మరో డిటెక్టర్ బృందం తరఫున ఫాబియోలా జియానోట్టి మాట్లాడారు. రెండు బృందాలూ విడివిడిగా ఐదు సిగ్మా దగ్గరికి చేరాయి. అంటే, అక్కడ హిగ్స్ లేకుండా ఉట్టి రొదే అంత ఎత్తున లేచే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. 1964లో ఈ కణం ఉండవచ్చన్న ఊహను కాగితం మీద పెట్టిన పీటర్ హిగ్స్ ఎనభై మూడేళ్ల వయసులో అక్కడ కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

ఐదు సిగ్మా అన్న ఇంత కఠినమైన గీత ఎందుకని మీకనిపించవచ్చు. 2015 డిసెంబరులో ఇవే రెండు డిటెక్టర్లలో 750 జీఈవీ దగ్గర మరో గుట్ట లేచింది. దాన్ని వివరిస్తూ సిద్ధాంతకారులు వందల పత్రాలు రాశారు. 2016 ఆగస్టుకల్లా మరింత డేటా వచ్చింది, గుట్ట చదునైపోయింది.

నేను వెళ్లిన వేసవిలోనే ఇంకో కథ కూడా ముగిసింది. సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు 730 కిలోమీటర్లు భూమిలోంచి వెళ్లిన న్యూట్రినోలు, కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయని 2011 సెప్టెంబరులో ఒపేరా అనే ప్రయోగ బృందం చెప్పింది. తప్పెక్కడుందో తమకు దొరకలేదని, మిగతా శాస్త్రవేత్తలు పరిశీలించాలని ఫలితాన్ని అందరి ముందూ పెట్టింది. నెలల తర్వాత సరిగా బిగించని ఒక ఆప్టికల్ ఫైబర్ తీగ దొరికింది. 2012 జూన్‌లో, న్యూట్రినోలు కాంతిని దాటలేదని క్యోటో సమావేశంలో తేల్చి చెప్పారు. ప్రపంచం నవ్వింది, ఐన్‌స్టైన్ మీద జోకులేసుకుంది. సెర్న్ క్యాంటీన్‌లో కూడా నవ్వారు, కాకపోతే కొంచెం జాగ్రత్తగా. ఎవరి తీగ ఎక్కడ వదులుగా ఉందో ఎవరికి తెలుసు?

ఇప్పుడు మన లేబుల సంగతికి వస్తాను. ఇంటర్‌లో లఘులోలకం ప్రయోగం అందరూ చేసినవాళ్లే. గురుత్వ త్వరణం 980 రావాలి, వస్తుంది. నిజానికి హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా అది 978 చిల్లర. అయినా తరతరాలుగా మన రికార్డుల్లో 980 వస్తూనే ఉంది. ఎలా వస్తుందో ఈ హాల్లో ఉన్న ప్రతి బీఎస్సీకీ తెలుసు: జవాబు పైన రాసుకుని, రీడింగులు కిందికి దింపుకుంటూ రావడం. మీ ముఖాలు చూస్తుంటే ఎక్కువ వివరించక్కర్లేదనిపిస్తోంది.

మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. 951 వచ్చిందని నిజం రాసినవాడికి మార్కులు పోతాయి, 980 రాసినవాడికి ఇరవైకి ఇరవై పడతాయి. ఆ పరిస్థితిలో తెలివైన కుర్రాడు ఏం చేస్తాడు? అలా చదివి సెర్న్‌కు వెళితే, ఎర్రర్ ఎంత, అంటే ఆ ప్లస్ ఆర్ మైనస్ ఎంత అన్న మొదటి ప్రశ్న దగ్గరే నోట మాట రాదు. గణితంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. ఎర్రర్ నిజాయితీగా లెక్కకట్టడం మాత్రం మనకెవరూ నేర్పలేదు.

ఇది నేర్చుకోవడానికి జెనీవా వెళ్లక్కర్లేదు. వెళ్లగలిగినవాళ్లు తప్పకుండా వెళ్లండి, దరఖాస్తులు చలికాలంలోనే పెట్టాలి. వెళ్లలేనివాళ్ల కోసం, అంటే మీలో దాదాపు అందరి కోసం, ఫిజిక్సు విభాగానికి నాదొక విన్నపం. వచ్చే ఏడాది ఒక్క ప్రాక్టికల్ ఇలా పెట్టండి. కటకం మీద నాభ్యంతరం రాసి ఉన్న చీటీ పీకేయండి. ఆ విలువ ఒక కవరులో పెట్టి సీలు వేయండి. పరీక్షాధికారికి కూడా తెలియకూడదు. రికార్డుల మీద సంతకాలన్నీ అయ్యాక, అందరి ముందూ కవరు విప్పండి. మార్కులు విలువకు ఎంత దగ్గరగా వచ్చారన్నదానికి కాకుండా, రాసిన ఎర్రర్ నిజాయితీగా ఉందా అన్నదానికి వేయండి.

కవర్ల ఖర్చు నాది. విభాగాధిపతి గారు ముందు వరసలోనే ఉన్నారు, నవ్వుతున్నారు కానీ ఒప్పుకున్నట్టు లేరు. భోజనాల దగ్గర మళ్లీ అడుగుతాను.