రెండు ఉద్యోగాలు, ఒకే లెక్క

సమస్త స్తోత్రాలూ మనల్ని పుట్టించి, పోషించి, సన్మార్గం చూపిన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి, శుభాలు కురియుగాక! అమ్మా బఅద్.



కొన్ని వారాల క్రితం అసర్ నమాజు ముగిశాక ఒక యువకుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పురుగుమందులు అమ్మే ఒక కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లోని మిరప పల్లెలెన్నో మోటారు సైకిలుపై తిరిగినవాడు. అతని అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఆ సంగతి ఈ రోజు మీ ముందుంచుతున్నాను. ఎందుకంటే అతని ప్రశ్న మనలో చాలా ఇళ్ల ప్రశ్న.

"హజ్రత్, కంపెనీ నా ముందు రెండు దారులు పెట్టింది. ఒకటి, అమ్మకాల్లోనే కొనసాగడం. పెద్ద డీలర్లున్న ప్రాంతం ఇస్తారు. టార్గెట్ చేరితే ఇన్సెంటివ్‌తో కలిపి ఏడాదికి చేతికొచ్చేది మేనేజరు జీతం కంటే ఎక్కువే. రెండోది, ఏరియా మేనేజరు పదవి. పన్నెండు మంది కుర్రాళ్లు నా కింద ఉంటారు. నెల జీతం స్థిరం, కానీ మొత్తం మీద తక్కువ. ఇంట్లో అమ్మీ మందులున్నాయి, చెల్లెలి పెళ్లి అప్పు ఉంది. బావ పదవి వదులుకోవద్దంటున్నారు. మా ఇంటివాళ్లు డబ్బు వచ్చేదే చూసుకోమంటున్నారు. మీరేం చెబుతారు?" అన్నాడు.

సోదరులారా! ఇలాంటి ప్రశ్న వస్తే మనం తొందరపడి, "డబ్బు ఆశ వదిలేయి, అల్లాహ్‌పై భారం వేయి" అంటాం. అది సరైన జవాబు కాదు. ధర్మసమ్మతమైన సంపాదనను మన ధర్మం చులకన చేయలేదు. మక్కా నుండి వట్టి చేతులతో మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజియల్లాహు అన్హు)కు అన్సారీ సోదరులు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజియల్లాహు అన్హు) తమ ఆస్తిలో సగం ఇస్తామన్నారు. ఆయన దుఆ చేసి, బజారు ఎక్కడుందో చూపమని మాత్రమే అడిగారు. జున్ను, నెయ్యి అమ్మడంతో మొదలుపెట్టి తన కాళ్లపై తాను నిలబడ్డారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) కూడా దైవదౌత్యానికి పూర్వం హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) గారి సరుకుతో సిరియా దేశానికి వెళ్లి వ్యాపారం చేశారు. వారి నిజాయితీ ఆమె హృదయాన్ని గెలుచుకున్నది ఆ ప్రయాణంలోనే.

కనుక అమ్మకం నీచమైన పని కాదు. తల్లి వైద్యానికీ, అప్పు తీర్చడానికీ ఎక్కువ సంపాదించాలనుకోవడం దురాశ కాదు. అప్పు భారం నుండి దైవప్రవక్త స్వయంగా అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఇంటివారి అవసరం నిజమైనదైతే దానిని త్రాసులో వేసి తూచాలి. పక్కింటివాడి కారుతో పోటీయే ఆ అవసరమైతే, దాని బరువెంతో మన మనసుకే తెలుసు.

ఇంతవరకూ చెప్పి నేను ఆ యువకుణ్ణి ఒక మాట అడిగాను. "బేటా, ఎక్కువ డబ్బు వచ్చే దారి నీకు ఇష్టమేనని నీ మాటల్లో తెలుస్తూనే ఉంది. మరి వెనకాడుతున్నావెందుకు?"

అతను కాసేపు మౌనంగా ఉన్నాడు. తర్వాత 2021 సంగతి చెప్పాడు. ఆ ఏడు మిరప తోటలపై నల్ల తామర పురుగు పడింది. పూతలో చేరి రసం పీల్చి, పిందె నిలవనీయకుండా చేసింది. అప్పటిదాకా వాడిన మందులకు అది లొంగలేదు. రైతులు దుకాణాల ముందు బారులు తీరి, ఏ సీసా చేతికిస్తే ఆ సీసా తీసుకెళ్లారు. రెండు మూడు మందులు కలిపి, వారం తిరగకుండానే మళ్లీ కొట్టారు. అవన్నీ ఖాతా మీద తెచ్చినవే. పంట అమ్ముడుపోయాక తీర్చవలసిన అప్పులే.

"ఒక ముసలి రైతు నా చెయ్యి పట్టుకుని, 'సాయిబుగారూ, ఇది పనిచేస్తుందా?' అని అడిగాడు హజ్రత్. నాకు నమ్మకం లేదు. అయినా 'చేస్తుంది' అన్నాను. ఆ నెల నా టార్గెట్ పది రోజుల్లో నిండింది. నా జీవితంలో అంత ఇన్సెంటివ్ ఎప్పుడూ రాలేదు. ఆ డబ్బుతోనే అమ్మీకి కంటి ఆపరేషన్ చేయించాను. కానీ ఆ ముసలాయన చెయ్యి ఇప్పటికీ నా చేతిలోనే ఉన్నట్టుంటుంది."

సోదరులారా! దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. ఆ తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వారు నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు మనందరికీ తెలుసు. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ వ్యాపారి అబద్ధం ఆడలేదు, పైపొర కింద నిజాన్ని దాచాడు, అంతే. అదే మోసమైతే, నమ్మకం లేని మందును "పనిచేస్తుంది" అనడం ఏమవుతుంది? కొనేవాడూ అమ్మేవాడూ నిజం చెప్పి, లోపాన్ని బయటపెడితే ఆ బేరంలో బర్కత్ ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందనీ మరో ప్రామాణిక హదీసు మనకు తెలుపుతోంది.

అప్పుడు ఆ యువకుడు తన మనసులోని అసలు మాట చెప్పాడు. "అందుకే మేనేజరునైతే ఈ రొంపి నుండి బయటపడతానని అనుకుంటున్నాను. రైతు ముందు నిలబడే అవసరం ఉండదు కదా!"

నేను అతనితో అన్న మాటనే మీతోనూ అంటున్నాను. బేటా, నీవు అబద్ధం చెప్పనక్కరలేదు, నిజమే. కానీ నెలాఖరున ఫోను చేసి, "ఇంకా ఎంత సరుకు దించావు?" అని గద్దించేది నీవే అవుతావు. ఆ గద్దింపుకు భయపడి కుర్రవాడు డీలరు గోదాములో అక్కరలేని సరుకు దించుతాడు. ఆ సరుకు కదలాలి గనుక, సలహా అడిగిన రైతుకు డీలరు దానినే అంటగడతాడు. అది రైతు ఖాతాలో అప్పుగా కూర్చుంటుంది. మొన్న నీ ఒక్క నాలుక పలికిన అబద్ధాన్ని రేపు పన్నెండు నాలుకలు పలుకుతాయి. ప్రళయదినాన ఆ పన్నెండు నాలుకల లెక్కలో నీ పేరు కూడా వస్తుంది. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తన మంద గురించి ప్రశ్నించబడతారు అన్న అర్థంలో దైవప్రవక్త చెప్పింది దీని గురించే.

ఇమామ్ అబూ హనీఫా (రహిమహుల్లాహ్) కూఫా నగరంలో బట్టల వ్యాపారం చేసేవారు. ఒకసారి వారి భాగస్వామి, లోపమున్న బట్టను ఆ లోపం చెప్పకుండానే అమ్మేశాడు. మరిచిపోయాడు. కొన్నదెవరో గుర్తులేదు. ఇమామ్ గారు ఆ సరుకుకు వచ్చిన సొమ్మంతా దానం చేసేశారు. మరిచిపోయింది నేను కాదు కదా అని వారు తప్పించుకోలేదు. తన పేరు మీద జరిగిన బేరానికి తానే జవాబుదారీ అని తెలుసుకున్నారు.

నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నేను ఒక మదర్సాలో పాఠాలు చెప్పేవాణ్ణి. నన్ను అక్కడ నాజిమ్‌గా ఉండమన్నారు. పదిమందీ సలాం చేస్తారు, బాగుంటుందనుకుని ఒప్పుకున్నాను. ఆ ఏడు కొత్త గదుల కప్పు వేయడానికి డబ్బు చాలక, వంటమనిషి జీతం రెండు నెలలు ఆపాను. ఆయన ఒక్క మాటా అనలేదు. అనలేదు గనుక ఇబ్బంది లేదనుకున్నాను. ఫీజు కట్టలేక ఆయన తన కూతుర్ని బడి మాన్పించాడని మూడో నెలలో తెలిసింది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసును ఆ రెండు నెలల్లో పిల్లలకు ఎన్నిసార్లు బోధించానో! ఆ రోజే వెళ్లి క్షమాపణ కోరాను. ఆయన క్షమించాడు. ఆ అమ్మాయి పోగొట్టుకున్న చదువును మాత్రం నేను తిరిగి ఇవ్వలేకపోయాను. సోదరులారా, ఉర్దూలో ఓహ్‌దా అన్నా, తెలుగులో పదవి అన్నా, అల్లాహ్ దగ్గర దాని పేరు అమానత్. అది నాకు తెలిసే సరికి ఒకరి ఇంట్లో నష్టం జరిగిపోయింది.

మరి ఎవరు పదవి తీసుకోవాలి? ఎవరు వద్దనాలి? హజ్రత్ అబూజర్ (రజియల్లాహు అన్హు) ఎంత నిజాయితీపరులో మనకు తెలుసు. ఆయన తనకు అధికార బాధ్యత ఇమ్మని అడిగినప్పుడు దైవప్రవక్త ఆయన భుజం తట్టి, మీరు ఆ విషయంలో బలహీనులని చెప్పారు. అది అమానత్ అనీ, హక్కుతో తీసుకుని దాని బాధ్యతను నెరవేర్చినవారికి తప్ప మిగిలినవారికి ప్రళయదినాన అవమానం, పశ్చాత్తాపం తెచ్చిపెడుతుందనీ హెచ్చరించారు. అంతమాత్రాన అబూజర్ గారి స్థాయి తగ్గిందా? లేదు. మరోవైపు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు ధాన్యాగారాలను తనకు అప్పగించమని తానే అడిగారు. కాపాడగలననీ, ఆ పని తెలిసినవాణ్ణనీ చెప్పారు. రాబోయే కరవులో ప్రజల ప్రాణాలు దానిపైనే ఆధారపడి ఉన్నాయి. మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చిన ఆ అమ్మాయి కూడా రెండు గుణాలే చూసింది: బలం, నమ్మకం. నమ్మకస్తుడై ఉండి నడిపించే బలం లేనివాడు పదవిని వద్దనుకోవడం ఓటమి కాదు. బలమూ నమ్మకమూ రెండూ ఉన్నవాడు భయపడి తప్పుకుంటే, ఆ కుర్చీలో కూర్చునేవాడు ఎలాంటివాడో కూడా ఆలోచించాలి.

కాబట్టి నిర్ణయానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని నా నాలుకతో ఏం పలికిస్తుంది? నా చేతి కింద ఎవరిని ఉంచుతుంది, వారి హక్కు నేను తీర్చగలనా? నా ఇంటివారికి, నా నమాజుకు నా నుండి ఏం మిగులుస్తుంది? ఈ మూడింటికీ జవాబు దొరికాకే జీతం అంకె చూడండి.

తర్వాత మష్వరా చేయండి. భార్యను అడగండి, పెద్దలను అడగండి, ఆ పని చేసి వచ్చినవారిని అడగండి. అటుపైన రెండు రకాతుల నఫిల్ చదివి ఇస్తిఖారా దుఆ చేయండి. దైవప్రవక్త ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా ఈ దుఆను సహాబాలకు నేర్పారు. ఇస్తిఖారా అంటే కల రావాలని మన ఇళ్లలో ఒక అపోహ ఉంది. కల రావాలన్న షరతేమీ హదీసులో లేదు. ఇది నాకు మేలైతే సులభం చేయి, కీడైతే నా నుండి మళ్లించు అని ప్రభువుకు విన్నవించుకుని ముందుకు సాగడమే ఇస్తిఖారా. ఒకసారి నిర్ణయించుకున్నాక ఊగిసలాడకండి. ఉహుద్ సందర్భంలో దైవప్రవక్త సహచరులను సంప్రదించి, కవచం ధరించాక ఇక దానిని విప్పలేదు.

ఆ యువకుడు ఏ ఉద్యోగం ఎంచుకున్నాడో ఇక్కడ చెప్పను. చెబితే అదే ఫత్వా అనుకుని ఇంటికి వెళతారు. అతనికి సరిపోయింది మీకు సరిపోకపోవచ్చు. కానీ నిర్ణయానికి ముందు అతను చేసిన పని మాత్రం చెబుతాను. ఒక ఆదివారం ఆ ముసలి రైతు ఊరికి వెళ్లాడు. జరిగింది ఒప్పుకుని, ఆ సీసాల ఖరీదు ఆయన చేతిలో పెట్టాడు. రైతు చాలాసేపు అతని ముఖంలోకి చూసి, "మళ్లీ మా ఊరొస్తే నిజం చెప్పు నాయనా, అది చాలు" అన్నాడట.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేయుగాక! మన నాలుకలకు సత్యాన్ని, మన చేతి కింద ఉన్నవారికి మన నుండి న్యాయాన్ని ప్రసాదించుగాక! అప్పుల్లో ఉన్నవారి అప్పులు తీర్చుగాక! తెలియక చేసిన వాటినీ, తెలిసి చేసిన వాటినీ క్షమించుగాక! ఆమీన్.