జ్ఞాపకము తప్పినవారితో సంభాషణము



పొద్దు వాలువేళ సీతారామపురమున ఒక యింటి యరుగుమీది వృద్ధుడు దిగ్గున లేచి, "ఎద్దులను తోలుకొని రావలె" నని బయలుదేరెననుకొందము. ఆ యెద్దులు గతించి ముప్పది యేండ్లైనది. "ఎద్దులెక్కడివి? చాదస్తము!" అని కొడుకు కసరును. తండ్రి చిన్నబోవును. ఇద్దరిలో నెవ్వరికిని సుఖము లేదు.

మనము చాదస్తమనుదానిలో వ్యాధి దాగి యుండవచ్చును. వైద్యులు దీనిని డిమెన్షియా యందురు. మెదడులోని కణములు క్రమముగా క్షీణించుటవలన నిది కలుగును. ఇందు ముఖ్యమైన రకమును 1906లో జర్మనీ వైద్యుడగు ఆలోయిస్ ఆల్జ్‌హైమర్ వర్ణించెను. 2023లో ప్రకటింపబడిన పరిశోధనము ననుసరించి, మనదేశమున 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి నీ వ్యాధి గలదు. కావున నిది యే యొక్క యింటి దోషమును గాదు.

ఈ వ్యాధి సాధారణముగా క్రొత్త జ్ఞాపకములను ముందు హరించును. పాత పాటలు, చేతిపనులు, మానావమానముల యెఱుక చాలకాలము నిలుచును. అట్టివారిని "నేనెవరో చెప్పుము" అని పరీక్షించుట కుంటివానిని పరుగెత్తుమనుటయే.

1996లో అమెరికా దేశమున ఆన్ బాస్టింగ్ అను విదుషి వృద్ధాశ్రమమువారికి పత్రికలోని పశువులకాపరి బొమ్మను చూపి, ఇతనికేమి పేరు పెట్టుదమని యడిగెను. వారు ఉత్సాహముతో కథ యల్లసాగిరి. ఆమె ప్రతిమాటను వ్రాసికొని మరల వినిపించెను. తప్పొప్పులు లేని ప్రశ్నకు భయముండదు గదా!

మనకును సాధనములకు కొఱత లేదు. ఉదయగిరి కొయ్యగరిటెను అవ్వ చేతికిచ్చి, "దీనితో నేమి వండుదమవ్వా?" అనుడు. ఎద్దులకై లేచిన తండ్రిని, "ఏ యెద్దు ముందు నడచును నాయనా?" అని యడిగి, ఆయనతో నాలుగడుగులు వేయుడు. గతించిన భార్యను వెదకువానికి మరణవార్త మాటిమాటికి చెప్పుట, మాటిమాటికి క్రొత్తగా దుఃఖము కలిగించుటయే. "ఆమె వంటలలో మీకేది ప్రీతి?" అనినచో నబద్ధమును గాదు, గాయమును రేగదు.

ఇది చికిత్స గాదు. మఱపు కానవచ్చినపుడు ముందుగా వైద్యునకు చూపవలెను. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ కొఱత, మనోవ్యాకులత వలన గలుగు మఱపు మందులకు లొంగవచ్చును. లొంగనిచోటను మనిషి మిగిలియే యున్నాడు.

పెద్దలారా! రచ్చబండకడ నట్టివానిని గేలిసేయు పిల్లలను వారింపుడు. పిమ్మట వాని ప్రక్కన కూర్చుండి యొక కథ మొదలిడుడు.