అడవి లెక్క మనమే రాసుకుందాం

(ఆదివాసీ యువజన సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేము మాట్లాడబోయేది అడవుల నరికివేత, వాతావరణ మార్పు గురించి. ఈ మాట వినగానే మీలో కొందరికి, ఇది ఢిల్లీలోనో విదేశాల్లోనో ఏసీ గదుల్లో మాట్లాడుకునే సంగతి కదా, మన గూడాలకు దీనితో ఏం పని అనిపిస్తుంది. అందుకే అమెజాన్ నుంచి కాకుండా జైనూర్ మండలం నుంచి మొదలు పెడతాం.

జైనూర్ మండలంలో పవర్‌గూడ అనే గోండు గూడెం ఉంది. ఇరవై ఏళ్ల కిందట అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజలు పట్టి నూనె తీసే మిల్లు నడిపాయి. ఆ నూనెను డీజిల్‌కు బదులు వాడవచ్చు. పదేళ్లలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్ స్థానంలో వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆగుతుందని నిపుణులు లెక్క కట్టారు. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ఒక సదస్సు పెట్టింది. దానికి విమానాల్లో వచ్చినవాళ్ల వల్ల గాలిలో కలిసిన పొగకు బదులుగా, పవర్‌గూడ ఆపిన ఆ 147 టన్నులను బ్యాంకు కొన్నది. మన అక్కలకు 645 డాలర్లు ఇచ్చింది. అప్పటి లెక్కన ముప్పై వేల రూపాయలకు కొంచెం తక్కువ.

డబ్బు చిన్నదే. కానీ దాని వెనుక ఉన్న మాట పెద్దది. మన అడవిలోని చెట్టు చేసే పనికి ప్రపంచం వెల కడుతోంది. ఆ లెక్క ఎవరి పేరు మీద రాస్తారు, ఆ నిర్ణయం ఎవరు చేస్తారు అన్నదే ఈ రోజు మన ముందున్న ప్రశ్న.

ముందుగా చెట్టు ఏం చేస్తుందో చూద్దాం. చెట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని, ఎండ సాయంతో కట్టెగా, ఆకుగా, వేరుగా మార్చుకుంటుంది. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనే. ఒక టన్ను ఎండు కట్టె పూర్తిగా కాలిపోతే సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. టన్ను కట్టె నుంచి అంతకంటే ఎక్కువ బరువు ఎలా వస్తుందని అనుమానం రావచ్చు. కార్బన్ కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, అందుకే బరువు పెరుగుతుంది. అడవిని నరికి కాల్చినప్పుడు చెట్లలో వందేళ్లుగా దాచుకున్నది కొన్ని గంటల్లో గాలిలో కలుస్తుంది. నేల దున్నితే మట్టిలో ఉన్నది కూడా మెల్లమెల్లగా పోతుంది. రేపు ఆ గాలిని పీల్చుకోవాల్సిన చెట్టు కూడా ఉండదు. అంటే నష్టం రెండు వైపులా.

పరిశ్రమలు రాకముందు గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఇందులో పెద్ద భాగం బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చడం వల్ల వచ్చింది. మిగిలిన దానిలో ముఖ్యమైన భాగం అడవుల నరికివేతది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2015 నుంచి 2020 వరకు ప్రపంచంలో ఏడాదికి కోటి హెక్టార్ల అడవి పోయింది. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా మొత్తం సుమారు 16 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఏటా ఆరు ఆదిలాబాద్ జిల్లాలంత అడవి మాయమైంది. 1990 తర్వాత నరికిన అడవుల్లో అత్యధికం ఉష్ణమండలంలోవే. బ్రెజిల్‌లో పశువుల మేతకు, సోయాకు, ఇండోనేషియాలో పామాయిల్ తోటలకు నరికారు. మన అడవులు కూడా ఉష్ణమండలపు ఆకురాల్చే అడవులే. అంటే ఆ కథలో మనమూ ఉన్నాం.

మన దగ్గర అడవి ఎలా తగ్గిందో నిజాయితీగా చెప్పుకోవాలి. నిజాం కాలంలో టేకు కోసం అడవులను రిజర్వు చేసి మన పెద్దలను ఊళ్లలోంచి వెళ్లగొట్టారు. పోడు కాల్చివేతలు, జంగలాత్ వాళ్ల దౌర్జన్యాలు భరించలేకనే కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ అని లేచాడు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. మార్లవాయిలో ఉండి ఆయన మన బాధలు రాశాడు. ఆ తర్వాతి కాలంలో బయటి నుంచి వలస వచ్చినవాళ్ల సేద్యం పెరిగింది. కాగితం మిల్లుకు వెదురు పోయింది, దొంగ కలప లారీల్లో పోయింది, ప్రాజెక్టుల కింద, గనుల కింద అడవి పోయింది. మన పోడు వల్ల కూడా కొంత పోయింది. అది దాచనక్కర లేదు. కానీ మొత్తం నింద మన గొడ్డలి మీద వేస్తే మాత్రం ఒప్పుకోనక్కర లేదు.

గనుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. గోదావరి లోయలో, ఇటు మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు, అటు రామగుండం వైపు దొరికే బొగ్గును శాస్త్రజ్ఞులు గోండ్వానా బొగ్గు అంటారు. గోండుల దేశం అనే అర్థంలో మన పేరే దానికి పెట్టారు. ఆ బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైగా కిందట ఇక్కడ పెరిగిన అడవే. నేలలో పూడిపోయి బొగ్గయింది. ఓపెన్‌కాస్టు గని తవ్వితే పైన ఉన్న నేటి అడవి పోతుంది, కింద దాగిన నాటి అడవి రామగుండంలోనో జైపూర్‌లోనో కాలి గాలిలో కలుస్తుంది. మన పిల్లలు కొందరు ఆ గనుల్లోనే బతుకుతున్నారు, వాళ్ల ఉద్యోగాలను మేము తక్కువ చేయడం లేదు. మొక్కలు నాటితే బొగ్గు పొగ మొత్తం మాఫీ అవుతుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. పొగ తగ్గాలి, అడవీ నిలవాలి. ఒకదానికి బదులు మరొకటి సరిపోదు.

అడవి చేసే పని కార్బన్‌తోనే అయిపోదు. ఏటా పుష్య మాసంలో మెస్రం వంశస్థులు నాగోబాకు గోదావరి జలం కోసం హస్తినమడుగు దాకా కాలినడకన పోయి వస్తారు. తిరిగి వచ్చాక కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. నీళ్లు, నడక, చెట్టు నీడ, ఈ మూడూ లేకుండా ఆ జాతర లేదు. వాన చుక్క ఆకు మీద పడి, మెల్లగా నేలలో ఇంకి, వాగుగా ఊరాలి. చెట్టు లేని గుట్ట మీద అదే వాన మట్టిని కోసుకుంటూ ఒక్కసారిగా దిగుతుంది. భూమి వేడెక్కితే గాలి ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది, కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించిన రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్క వరదకు ఒక్క కారణం చెప్పలేం. కానీ అలాంటి వానలు పెరిగే కాలంలో గుట్టల మీద చెట్టు ఉండటం, లేకపోవడం మన పొలానికి చావుబతుకుల సంగతి.

మరి ఆపడానికి ప్రపంచం ఏం చేస్తోంది? 2007లో బాలి సదస్సు నుంచి అడవులు నిలిపిన దేశాలకు డబ్బు ఇచ్చే పద్ధతి మీద చర్చలు సాగాయి. దాన్ని రెడ్ ప్లస్ అంటారు. 2010లో కాన్‌కున్‌లో, ఈ పని చేసేటప్పుడు ఆదివాసుల హక్కులను గౌరవించాలని షరతు పెట్టారు. 2015 పారిస్ ఒప్పందంలో అడవుల మాట చేరింది. 2030 నాటికి చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని మన దేశం మాట ఇచ్చింది. మన రాష్ట్రంలో 2015లో హరితహారం మొదలైంది.

నరికివేత తగ్గించడం సాధ్యమేనా అంటే సాధ్యమే. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నరికారు. 2012 నాటికి అది 4,600కు దిగింది. ఉపగ్రహాలతో నిఘా పెట్టారు, నరికినవాళ్లకు అప్పులు ఆపారు, ఆదివాసీ భూములకు హద్దులు గీసి గుర్తించారు. తర్వాత ప్రభుత్వ పట్టు సడలగానే నరికివేత మళ్లీ పెరిగింది. ఆదివాసుల హక్కు గట్టిగా ఉన్నచోట అడవి ఎక్కువ నిలిచిందన్నది అక్కడి అనుభవం.

అంత దూరం కూడా అక్కర లేదు. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ మేండా లేఖా అనే గోండు ఊరు 2009లో దేశంలోనే మొదటగా సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందింది. 2011 నుంచి తన వెదురును తానే అమ్ముకుంటోంది. ఎంత కోయాలి, ఎంత వదలాలి అన్నది గ్రామసభలో కూర్చుని నిర్ణయిస్తుంది.

ఆ హక్కు ఇచ్చింది 2006 అటవీ హక్కుల చట్టమే. మన దగ్గర ఈ చట్టం అంటే పోడు పట్టాలే గుర్తొస్తాయి. 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలు ఇచ్చారు. అది మంచిదే, రానివాళ్లకు రావాలి కూడా. కానీ అదే చట్టంలో ఊరి అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే సామూహిక హక్కు కూడా ఉంది. దాన్ని మనం సరిగ్గా పట్టించుకోలేదు. పట్టా ఇంటికి భద్రత ఇస్తుంది. ఊరంతటికీ భద్రత ఇచ్చేది ఈ రెండోది.

అది లేకపోతే ఏమవుతుందో మొన్న చూశాం. 2025 మే నెలాఖరులో కవ్వాల్, తడోబా మధ్య పులుల దారి కోసం కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు పేరిట 49వ నంబరు జీవో వచ్చింది. మన గ్రామసభలను అడగలేదని ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. పులి మనకు శత్రువు కాదు. మనల్ని అడగకుండా మన అడవి గురించి నిర్ణయించడమే మన అభ్యంతరం. రేపు కార్బన్ పేరుతో కంపెనీలు కాగితాలు పట్టుకుని గూడాలకు రావచ్చు. అప్పుడు హక్కు కాగితం మన చేతిలో ఉంటే బేరం మనది. లేకపోతే మనం కూలీలం.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు నాలుగు పనులు అప్పగిస్తున్నాం.

మొదటిది, ఈ ఎండాకాలంలోగా మీ ఊరి పెద్దలతో కలిసి అడవి హద్దులు నడవండి. పెర్సాపేన్ స్థలాలు, శ్మశానాలు, ఊటలు, ఇప్ప చెట్లు, పశువుల దారులు ఫోనులో గుర్తించండి. పెద్దలు చెప్పింది రాసి పెట్టండి. చట్టం ప్రకారం పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. ఆ కాగితాలతో గ్రామసభలో తీర్మానం చేసి ఫారం 'సి' కింద దరఖాస్తు పెట్టండి. రసీదు తీసుకోవడం మరవద్దు.

రెండోది నిప్పు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, తునికాకు చిగురు కోసం పొదలు కాల్చడం మనలో ఉన్న అలవాటు. ఒక అగ్గిపుల్ల గుట్ట మొత్తం ఎక్కుతుంది, మొలకలన్నీ మాడిపోతాయి. ఆకులు ఊడ్చి పక్కకు తీయండి, చెట్టు కింద పాత చీర పరిచినా పువ్వు శుభ్రంగా వస్తుంది. ఈ విషయంలో ఇంట్లో అమ్మమ్మలతో వాదించాల్సి వస్తుంది. మర్యాదగా వాదించండి.

మూడోది, మొక్కలు. వరసగా ఒకే జాతి నాటితే అది తోట అవుతుంది, అడవి కాదు. ఇప్ప, మొర్రి, తునికి, కానుగ, నల్లమద్ది, పొణికి నాటించమని గ్రామసభలో అడగండి. నరికిన మొద్దుల నుంచి వచ్చే పిలకలను పశువులు మేయకుండా నాలుగేళ్లు కాపాడితే అడవి తనంతట తానే లేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఉన్న చెట్టును నిలపడం కొత్త మొక్క నాటడం కంటే మేలు.

నాలుగోది, అడవి నిలిస్తే బతుకు నిలవాలి. ఉట్నూరులో మన అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పవర్‌గూడ అక్కలు కానుగ నూనె తీశారు. చదువుకున్న మీరు ప్యాకింగు, లెక్కలు, మార్కెట్ చూస్తే అడవి ఫలసాయం దళారి చేతికి చవకగా పోదు.

మీలో చాలామంది చదువుల కోసం, ఉద్యోగాల కోసం కరీంనగర్, హైదరాబాద్ పోతారు. పోవాలి కూడా. దండారికి, నాగోబాకు తిరిగి వస్తారు. వచ్చినప్పుడు గుస్సాడీ ఆడటానికి నెమలి ఈకలు ఉండాలంటే నెమలి ఉండాలి, నెమలి ఉండాలంటే అడవి ఉండాలి. వచ్చే ఏడాది ఇదే సమావేశానికి ఎన్ని గూడాలు ఫారం 'సి' రసీదుతో వస్తాయో చూస్తాం. మొదట వచ్చిన గూడెం వాళ్లకే మొదట మైకు ఇస్తాం.

జల్, జంగల్, జమీన్. జై సేవా.