మన వైపు జరిగిన తప్పు



1926లో పుట్టిన ఈ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు. శాసనోల్లంఘన ఉద్యమాన్ని ప్రభుత్వం అణచివేస్తున్న తీరుకు నిరసనగా 1930లో ఆయన ఆ పదవి వదిలేశారు. 1936లో మళ్లీ వచ్చి చాలా ఏళ్లు పనిచేశారు. తనకు పదవినిచ్చిన ప్రభుత్వాన్నే తప్పుపట్టిన మనిషి పెంచిన విద్యాలయం ఇది. ఆ ధైర్యంతోనే, ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ ముందు ఒక కష్టమైన సంగతి ఎత్తుతున్నాను.

ప్రజాస్వామ్యం ఏ సమాజంలో నిలుస్తుంది, ఎక్కడ కూలుతుంది అని అడిగితే పండితులు ఆదాయం, చదువు, మధ్యతరగతి అంటూ ఎన్నో కారణాలు చెప్తారు. నేను ముందుగా చూసేది వేరు. తన వాళ్లే తప్పు చేసినప్పుడు, అది జరుగుతున్నప్పుడే నోరు విప్పే మనుషులు అక్కడ ఎందరున్నారు? ఎదుటి పార్టీ తప్పు ఎంచడం అందరికీ వచ్చు. దానివల్ల ఏ దేశమూ బాగుపడలేదు.

ఈ దేశానికి నియంత ఉంటేనే బాగుపడుతుందని మీరు తరచూ వింటూ ఉంటారు. అలా అనేవాళ్లు ఉక్కు లెక్కలనే సాక్ష్యంగా తేవచ్చు. 1970 ఏప్రిల్ 1న దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. అదే నెల 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖ ఉక్కును ప్రకటించారు. పోహాంగ్ 1973 కల్లా ఉక్కు తీసింది. విశాఖలో ‘గోదావరి’ అనే మన బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది 1990లో. పి.వి.నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. అక్కడ నియంత పార్క్ చుంగ్ హీ ఉక్కుపాదం, ఇక్కడ ఎన్నికైన ప్రభుత్వాలు. ఇంకా వాదన దేనికి అంటారు.

మన ఆలస్యం జనం ఎక్కువ మాట్లాడినందువల్ల వచ్చింది కాదు. జనం మాట్లాడబట్టే కర్మాగారం వచ్చింది. 1966లో దాని కోసం టి.అమృతరావు గారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం గారు ముందు నడిచారు. ఇక్కడి విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న ఈ విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ప్రతిపక్ష శాసనసభ్యులు రాజీనామాలు ఇచ్చారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నిధులు అరకొరగా విదిలించింది ఢిల్లీ. బైలదిల్లా ఇనుప ఖనిజం మన రేవులో ఓడలెక్కి జపాన్ పోతూనే ఉంది, విశాఖ కర్మాగారానికి మాత్రం సొంత ఇనుప ఖనిజం గని ఇవ్వలేదు. గట్టిగా అడగవలసిన వాళ్లు అధికార పార్టీలో ఉన్న మన ఎంపీలే. సొంత ప్రభుత్వాన్ని నిలదీయడానికి వాళ్లకు నోరు రాలేదు. నేను చెప్తున్న లోపం అదే.

ఇప్పుడు మనం సాధారణంగా దాటేసే ఒక లెక్క చెప్తాను. ఎమర్జెన్సీ తర్వాత 1977 ఎన్నికల్లో ఉత్తరాది ఆ పాలనను ఊడ్చేసింది. ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారు ఒక్కరే జనతా తరఫున గెలిచారు. విశాఖ ఆ 41లోనే ఉంది. ఆ ఎమర్జెన్సీ రోజుల్లోనే నక్సలైట్ ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ఉరితీసిన రాష్ట్రం మనది. ఇంటి స్థలమో, ఎకరం భూమో అందుకున్న పేదవాడు ఇందిరమ్మకు ఓటేస్తే నేను తప్పుపట్టను. పత్రికలు చదివేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, కోర్టుల్లో వాదించేవాళ్లు ఏం చేశారన్నదే నా ప్రశ్న. దానికి మనం ఇప్పటికీ జవాబు చెప్పుకోలేదు.

ఆత్మవిమర్శ అనగానే కమ్యూనిస్టులు గుర్తుకొస్తారు. ఎమర్జెన్సీని సమర్థించిన సీపీఐ, అది పొరపాటని 1978 భటిండా మహాసభలో ఒప్పుకుంది. ఆ మాత్రం చేసిన పార్టీలు మన దేశంలో తక్కువ, అందుకు గౌరవిస్తాను. కాని మూడేళ్ల తర్వాత వచ్చిన తీర్మానం జైల్లో మగ్గినవాడికి ఏం మేలు చేసింది? పుచ్చలపల్లి సుందరయ్య గారు నాకు ఇంకా పెద్దగా కనిపిస్తారు. 1975లో సీపీఎం అఖిల భారత ప్రధాన కార్యదర్శిగా ఉండి, పార్టీ పోతున్న దారితో తనకున్న విభేదాలను రాతపూర్వకంగా పెట్టి రాజీనామా చేశారు. ఆయన వాదనతో మీరు ఏకీభవించనక్కర్లేదు. పదవిలో ఉండగానే రాశారు, అది చూడండి.

కొరియా కథ పోహాంగ్‌తో ఆగలేదు. 1980 మేలో గ్వాంగ్జూలో సైన్యం సొంత ప్రజలనే కాల్చింది. 1987లో పోలీసుల చిత్రహింసకు మీ వయసు విద్యార్థి పార్క్ జాంగ్ చోల్ బలయ్యాడు. జనం లేచారు, నేరుగా అధ్యక్షుణ్ని ఎన్నుకునే హక్కు సాధించుకున్నారు. 1996లో ఇద్దరు మాజీ అధ్యక్షులకు కోర్టు శిక్షలు వేసింది. 2024 డిసెంబరు 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ సైనిక శాసనం ప్రకటిస్తే, కొన్ని గంటల్లోనే 190 మంది సభ్యులు పార్లమెంటుకు చేరి రద్దుకు ఓటేశారు. అందులో 18 మంది అధ్యక్షుడి పార్టీ వాళ్లే. ఆ దేశాన్ని ఉక్కు ఒక్కటే నిలబెట్టలేదు.

సొంత పార్టీ నాయకుడికి ఎదురుగా ఓటేసే ఆ పని మన శాసనసభ్యుడు చేయగలడా? 1985 నాటి ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్ ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. కండువాలు మార్చడాన్ని ఆ చట్టం ఆపలేకపోయింది, మనస్సాక్షితో ఓటేయడాన్ని మాత్రం ఆపింది. ఓటు విషయంలో వేటును విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి కొన్ని కీలకమైన ఓట్లకే పరిమితం చేయమని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ సిఫారసు చేసింది. ఏ ప్రభుత్వమూ దాన్ని అమలు చేయలేదు. ఈ చట్టం మారాలి.

ఇక మన సంగతి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్నాం. 2021 జనవరిలో కేంద్రం దాన్ని అమ్మాలని నిర్ణయించినప్పుడు మళ్లీ అదే అన్నాం. ఆ నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ వెలసిన కూర్మన్నపాలెం దీక్షా శిబిరం న్యాయమైనదని నేను నమ్ముతున్నాను. అయితే ఆ హక్కు కోసం అరవైకి పైగా ఊళ్లు ఖాళీ చేసిన వేలాది కుటుంబాల హక్కు ఏమైంది? చేతిలో నిర్వాసితులకిచ్చిన ఆర్‌-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లైపోయినవాళ్లున్నారు. వాళ్లకు అన్యాయం చేసింది ఢిల్లీ ఒక్కటే కాదు. వాళ్ల పేరు ఎత్తితే ఉద్యమం బలహీనపడుతుందని మనమూ మెదలకుండా ఊరుకున్నాం.

మీలో కొందరు పార్టీల్లోకి వెళ్తారు, కొందరు ప్రభుత్వంలోకి, కొందరు ఓడలెక్కి దూరదేశాలకు వెళ్తారు. వెళ్లేలోగా గాజువాక, పెదగంట్యాడ వైపు ఒకసారి వెళ్లి నిర్వాసితులతో మాట్లాడండి. వాళ్లు చెప్పింది రాసి మీ శాసనసభ్యుడికి ఇవ్వండి. ఆయన మీరు ఓటేసిన పార్టీ మనిషైతే తప్పకుండా ఇవ్వండి, జవాబు వచ్చేదాకా అడగండి.