బిడ్డ మాట విందాము
(పాఠశాలలో జరిగిన ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పరీక్షా ఫలితములు వెలువడు దినములు సమీపించుచున్నవి. ఆనాడు ఊరిలో మిఠాయి పంచు ఇండ్లు కొన్ని, తలుపులు మూసికొను ఇండ్లు కొన్ని యుండును. ఆ మూసిన తలుపుల వెనుకనున్న బిడ్డలను గురించి మేము మీతో నాలుగు మాటలు చెప్పదలచినాము.

2022 సంవత్సరములో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య వలన మరణించినట్లు జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. ఇట్టి మరణమునకు పరీక్ష యొక్కటే కారణమనుట సరికాదు. మనసు కుంగుబాటు, ఇంటి కలతలు, అవమానము, ఒంటరితనము వంటివి పెనవేసికొని యుండును.

“ఈ మాట పిల్లల యెదుట ఎత్తినచో లేని ఆలోచన పుట్టును గదా!” అని కొందరు పెద్దలు శంకింతురు. ఈ భయము సహజమే కాని నిజము కాదు. ఐరోపాలోని 10 దేశములందు, 168 పాఠశాలలలో, 11,000 మందికి పైగా విద్యార్థులతో జరిగిన పరిశోధన ఫలితములు 2015లో వెలువడినవి. మనోవేదనను గూర్చి, సహాయము కోరు విధమును గూర్చి పిల్లలు తరగతిలో నాటికలాడి చర్చించుకొన్నచోట, ఏడాది తిరుగునప్పటికి ఆత్మహత్యాయత్నములు, అట్టి బోధన లేనిచోటులతో పోల్చగా, సుమారు సగమే యుండెను. ఆ బోధనకు పట్టిన కాలము ఐదు గంటలు మాత్రమే!

బడిలో బోధింపవలసినవి ముఖ్యముగా మూడు. మొదటిది: కుంగుబాటు సోమరితనము కాదు, పొగరు కాదు, చికిత్సగల వ్యాధి. దిగులు, నిద్రలేమి, ఆటపాటలపై అనాసక్తి, చదువుపై మనసు నిలువకపోవుట రెండు వారములు విడువకున్నచో వైద్యునకు చూపవలెను. రెండవది: స్నేహితుడు “నేను లేకున్ననే మేలు” అనినచో నవ్వి త్రోసివేయరాదు. మూడవది: అట్టి రహస్యమును దాచుట స్నేహము కాదు, నమ్మకమైన పెద్దలకు చెప్పుటయే స్నేహము.

బిడ్డ చెప్పిన పిమ్మట మనమేమి చేయుదుమన్నదే అసలు ప్రశ్న. మందలించినచో మరల నోరు విప్పడు. కనుక ముందు వినవలెను. “చనిపోవలెనను తలంపు వచ్చుచున్నదా?” అని మెల్లగా, సూటిగా అడుగవచ్చును. ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుమందులను తాళమువేసి భద్రపరచవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడుగా వెళ్ళవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరున రాత్రింబగళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగున మాటలాడవచ్చును.

విశాఖపట్టణములో చదువుచుండిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శక సూత్రములు వెలువరించెను. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హతగల సలహాదారు ఉండవలెను. చిన్న బడులు వెలుపలి నిపుణులతో సంబంధము ఏర్పరచుకొనవలెను. సిబ్బందికి ఏటా కనీసము రెండు పర్యాయములు శిక్షణ ఈయవలెను. మన బడిలో ఇవి జరుగుచున్నవా యని అడుగుట తల్లిదండ్రుల హక్కు.

తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చును. పోయిన బిడ్డ మరల రాడు. ఫలితములు వచ్చిన సాయంకాలము మార్కులు చూచుటకు ముందు బిడ్డ ముఖము చూడుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని అన్నము పెట్టుడు. మిగిలిన మాటలు మరునాడు మాటలాడుకొనవచ్చును.