గోడెక్కిన తీగ పేరేమిటి?

నాలుగు వానలు పడితే చాలు, హైదరాబాద్‌లో సైదాబాద్ నుంచి చంపాపేట, ఎల్బీనగర్ దాకా ఖాళీ ప్లాట్లన్నీ పచ్చబడతాయి. కాంపౌండ్ గోడ మీదికీ, రేకుల షెడ్డు మీదికీ, ఆఖరికి కరెంటు స్తంభం తీగ మీదికీ ఏదో ఒకటి పాకేస్తుంది. చిక్కుడు జాతి పువ్వు, చిన్న కాయ. "ఇది అడవి బఠానీయా? తినొచ్చా?" అని చాలామంది అడుగుతుంటారు. ముందే చెబుతున్నా, పేరు తేలేదాకా నోట్లో పెట్టుకోకండి.

అసలు అడవి బఠానీ రకాలు చలికాలపు మొక్కలు. ఉత్తరాదిలో గోధుమ చేలల్లో కలుపుగా మొలుస్తాయి. మన గల్లీల్లో వానాకాలం కనబడేవి ఎక్కువగా వాటి దాయాదులు: శంఖుపుష్పం, గురివింద, పిల్లిపెసర, దూలగొండి లాంటివి. అందరూ పువ్వు రంగు చూస్తారు. నేనైతే ముందు ఆకు కొస చూడమంటాను. రంగు మోసం చేస్తుంది, ఆకు చేయదు.

బఠానీ జాతిలో ఆకు ఈనె చివర సన్నని నులితీగ ఉంటుంది. దాంతోనే అది పక్కదాన్ని పట్టుకుని ఎక్కుతుంది. శంఖుపుష్పానికి ఆ నులితీగ లేదు, కాండమే మెలిపడి ఎక్కుతుంది. ఈనెకు ఐదో ఏడో చిన్నాకులుంటాయి, చివర ఒకటి ఒంటరిగా నిలబడుతుంది. గురివిందకు చింతాకులా జతలు జతలుగా, పది పదిహేను జతలు కూడా ఉంటాయి. కొసన ఒంటాకూ ఉండదు, నులితీగా ఉండదు. మూడేసి ఆకులుంటే అది పిల్లిపెసర కావచ్చు, దూలగొండీ కావచ్చు. పిల్లిపెసర పసుపు పచ్చగా పూస్తుంది, పశువులకు మంచి మేత. దూలగొండి ముదురు ఊదా రంగు గుత్తులు వేలాడదీస్తుంది.

ఇక పువ్వు. ఈ జాతి పువ్వులో పెద్ద రేక ఒకటి పైన నిలబడుతుంది, పక్కన రెండు, కింద రెండు కలిసి దొన్నెలా ఉంటాయి. శంఖుపుష్పంలో మాత్రం తలకిందులు. పెద్ద నీలి రేక కిందికి పరుచుకుంటుంది, మధ్యలో లేత పసుపు మచ్చ. తెల్లగా పూసే రకమూ ఉంది కాబట్టి నీలం లేదని కొట్టిపారేయకండి. వినాయక చవితి పత్రిలో విష్ణుక్రాంతం బదులు కొందరు దీన్నే పెడుతుంటారు. విష్ణుక్రాంతం వేరు. అది నేలబారుగా పెరిగే మొక్క, గుండ్రటి బుల్లి నీలిపువ్వు, చిక్కుడు జాతే కాదు.

కాయ దగ్గర అసలు జాగ్రత్త కావాలి. దూలగొండి దసరా, దీపావళి రోజుల్లో పూసి, సంక్రాంతి నాటికి కాయ ఎండుతుంది. కాయ మీద బంగారు గోధుమ రంగు నూగు ఉంటుంది. తగిలితే దురదతో ప్రాణం పోతుందనిపిస్తుంది. గోకకండి, రుద్దకండి. అంటుకునే టేపు వేసి నూగు లాగేసి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. ఆ విత్తనాల్లో ఎల్-డోపా ఉంటుంది. పార్కిన్సన్ జబ్బుకు వాడే మందు అదే. అలాగని ఇంట్లో పొడి కొట్టుకుని తాగేది కాదు.

గురివింద లేత గులాబీ రంగులో, ఒత్తుగా పూస్తుంది. ఆ పువ్వును ఎవరూ పట్టించుకోరు. పొట్టి కాయ ఎండి పగిలాక ఎర్రటి గింజలు, ఒక్కోదానికీ ఒక నల్ల మచ్చ, అప్పుడు అందరి కళ్లూ దాని మీదే. కంసాలులు వెనకటికి బంగారం తూచింది వీటితోనే. మట్టి వినాయకుడికి కళ్లు పెట్టేదీ వీటినే. తన నలుపు ఎరగని గింజ అని సామెతకెక్కిందీ ఇదే. అందులో ఆబ్రిన్ అనే విషం ఉంది, ఆముదం గింజలోని రిసిన్‌కు దగ్గరి చుట్టం. గింజ పైపెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలినా, దండ గుచ్చడానికి బెజ్జం పెట్టినా ఆ రక్షణ పోతుంది. వాంతులు, విరేచనాలు కొన్ని గంటలు ఆగి కూడా మొదలవుతాయి, దానికి విరుగుడు మందు లేదు. అందుకే "ఇప్పటిదాకా బాగానే ఉన్నాడు కదా" అనుకోవద్దు.

వనస్థలిపురం హరిణ వనస్థలికి వెళ్తే ఏ తీగా తుంచకండి. 1994 నుంచి అది జాతీయ పార్కు. ఫొటో తీసుకుంటే సరిపోతుంది. పువ్వొక్కటే కాదు, ఆకు కొసా, కాయా కూడా పడాలి. ఫోన్‌లోని యాప్ ఒక పేరు చెబితే దాన్ని ఈ మూడింటితో సరిచూసుకోండి.

వచ్చే చవితికి వినాయకుడి కళ్లకు మిరియాలు పెట్టండి. గురివిందలే కావాలంటే లెక్కపెట్టి తెచ్చుకుని, నిమజ్జనానికి ముందు అన్నీ తీసి లెక్క సరిచూసుకోండి. పిల్లవాడు గింజ నమిలాడని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నాలు మాని 108కి ఫోన్ చేయండి, మిగిలిన గింజలను వెంట తీసుకెళ్లండి.